కర్దనూరు పుట్ట మీద మా ఇంటి చలిమిడి

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలో లేచిపోయారు. మా బావమరిది నవ్వాడు. ఫ్యాక్టరీలో తోటివాళ్లు "మళ్లీ మొదలెట్టాడు" అంటూ టీకి వెళ్లిపోయారు. వినాల్సిన మా అన్నయ్య అసలు వినిపించుకోలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచి వెళ్లిపోదు.

దయ్యాలు, మహిమలు నేనెప్పుడూ నమ్మలేదు. నేను ఫిట్టర్ని. యంత్రం ఆగిందంటే కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా మాట అదే. ఈ ఒక్కదానికే కారణం దొరకలేదు.

తొంభైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. కర్దనూరులో ఎల్లమ్మ అనే ఆవిడ ఇంట్లో నేనూ, నా భార్య లలితా అద్దెకు ఉండేవాళ్లం. మా సొంతూరు తణుకు వైపు.

మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద పండగ నాగుల చవితి. దీపావళి వెళ్లాక వస్తుంది. అమ్మ ఆ రోజు ఇంట్లో ఒక్కొక్కరి పేరున చలిమిడితో ఒక్కో పాము చేస్తుంది. చుట్ట చుట్టుకుని పడగెత్తిన పాము. కళ్లకి మిరియాలు. నా పాముకి మాత్రం ఒక కన్ను మిరియం, ఎడమ కన్ను బియ్యపు గింజ. చిన్నప్పుడు నా ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ కంటి కోసం అమ్మ అలా మొక్కుకుంది. పుట్ట దగ్గర ఎవరి పాముని వాళ్లే పెట్టి, పాలు పోయాలి. రాలేనివాళ్ల పాముని అమ్మ పెడుతుంది.

ఆ ఏడు సెలవు కోసం మా షిఫ్ట్ ఇన్‌చార్జి చుట్టూ తిరిగాను. "మీ ఆంధ్రోళ్లకు నెలకో పండుగుంటదా?" అని అందరి ముందూ అన్నాడు. ఆ మాట మర్చిపోలేదు. అయినా సెలవు తీసుకున్నాను, రైలు టికెట్లు కొన్నాను.

సరిగ్గా బయల్దేరే ముందు ఫ్యాక్టరీ గేటుకి అన్నయ్య ఫోన్ చేశాడు. "చిట్టిబాబు తాతయ్య పోయార్రా. జ్ఞాతులం కదా, మనకీ మైల. ఈసారి చవితి లేదు. వచ్చి ఏం చేస్తారు, అక్కడే ఉండండి" అన్నాడు.

ఇంటికెళ్లి తలస్నానం చేశాను. టికెట్లు రద్దు చేయించాను. లలిత అప్పటికే నువ్వులు దంచి చిమ్మిలి చేసింది. మైలలో నాగేంద్రుడికి పెట్టకూడదు కదా, మేమే తిన్నాం. ఏడుపొచ్చినంత పనైంది.

చవితి పొద్దున ఎల్లమ్మ వాకిలి ఊడుస్తూ లలితను అడిగింది. "ఏందమ్మా, పండుగన్నరు, పోతలేరా?"

లలిత మైల సంగతి చెప్పింది.

"అట్లనా. మా పంచమి శ్రావణంలనే అయిపాయె. మీ దిక్కు నాగన్న గింత లేటుగా లేస్తడా?" అని నవ్వింది.

ఆ ఊళ్లో నాగుల పంచమే గానీ చవితి చేసేవాళ్లు లేరని చెప్పడానికే ఆవిడ మాటలు రాస్తున్నాను.

ఇంటి వెనక, తుమ్మచెట్టు కింద ఒక పుట్ట ఉండేది. బట్టలు ఆరేయడానికి అటు వెళ్లిన లలిత నన్ను గట్టిగా పిలిచింది. వెళ్లాను.

పుట్ట మీద చలిమిడి పాము ఉంది. చుట్ట చుట్టుకుని, పడగెత్తి. ఒక కన్ను మిరియం. ఎడమ కన్ను బియ్యపు గింజ.

మైలలో ఉన్నానని తాకలేదు. వంగి చూశాను. అమ్మ చలిమిడిలో వేసే పచ్చకర్పూరం వాసన. రాత్రి జల్లు పడి నేల మెత్తగా ఉంది. దండెం దాకా లలిత అడుగులున్నాయి. అక్కణ్ణించి పుట్ట వైపు ఏ అడుగూ లేదు.

ఎల్లమ్మను పిలిచి అడిగితే కసిరింది. "నాకేమెరుక? కార్తీకంల పుట్టకాడికి ఎవలు పోతరు? మీరే పెట్టి నన్నడుగుతున్నరా?"

ఫ్యాక్టరీ దగ్గర మా వైపు కుటుంబాలు ఉంటే వాళ్లనీ అడిగాను. చలిమిడి ముద్దలే పెడతాం, పాములు చేయడం మేమెరగం అన్నారు. తిరిగొచ్చేసరికి చీమలు పట్టి సగం తినేశాయి. లలిత చూసి ఉండకపోతే, నా కన్నే మోసం చేసిందని సరిపెట్టుకునేవాణ్ణి.

తర్వాత కొన్నాళ్లకి ఊరెళ్లాం. మా వీధి మొదట్లో అరుగు మీద చిట్టిబాబు తాతయ్య కూర్చుని చుట్ట కాలుస్తున్నారు.

సంచి కింద పెట్టి దగ్గరికెళ్లాను.

"ఏరా, చవితికి మొహం చాటేశావేం? హైదరాబాదు నీళ్లు పడ్డాయా?" అన్నారు. పొగ నా మొహానికే తగిలింది. మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

ఇంట్లో అమ్మ నా తల నిమిరింది. "నీకు సెలవు దొరకలేదని అన్నయ్య చెప్పాడ్రా. చెల్లీ బావగారూ అందరూ వచ్చారు. నీ పేరున పాము చేశాను. ఏం లాభం, పుట్ట దగ్గరికెళ్లి పళ్లెం మీద గుడ్డ తీస్తే అందరివీ ఉన్నాయి, నీదొక్కటే లేదు. కాకి ఎత్తుకుపోయుంటుందన్నాడు అన్నయ్య. గుడ్డ కప్పిన పళ్లెంలో ఏరుకుని నీదే ఎత్తుకుపోతుందా కాకి?"

కర్దనూరు పుట్ట సంగతి చెప్పాను. "పోనీలే, నీ దగ్గరికే వచ్చింది" అంది అమ్మ.

అన్నయ్య అక్కడే ఉన్నాడు. తాతయ్య పోయారని నాతో ఎందుకు చెప్పావని అమ్మ ముందే అడిగాను. "కాళ్లు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అని లోపలికెళ్లిపోయాడు.

ఆ ముందేడు చవితికి అన్నయ్య పుట్టలో పాలు పోయబోతుంటే, అమ్మ కంటే ముందు పోయకూడదని అతని అత్తవారి ముందు అన్నాను. అదే కారణమా? అనాల్సిన మాటే అన్నాను, ఇప్పుడైనా అంటాను. అంతకంటే వేరే కారణం నాకు తట్టలేదు. పెళ్లిళ్లలో అడిగాను, అమ్మ పోయినప్పుడూ అడిగాను. ప్రతిసారీ అన్నమో, కాఫీయో అడ్డం వచ్చింది.

ఆ పాము అంతదూరం ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోగలనన్న ఆశా లేదు.

అన్నయ్యా, ఇది అచ్చయ్యే పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు. పాము సంగతి నిన్నడగను, అది నీకూ తెలియదు. బతికున్న మనిషిని చంపి మరీ నన్ను అమ్మ పండక్కి రాకుండా ఎందుకు చేశావు? ఆ ఒక్కటీ నీకు తెలుసు. ఈసారి అన్నం చల్లారినా ఫరవాలేదు, చెప్పు.