ఉమాకాంతం మాస్టారి నిచ్చెన ఇరవై అడుగులే

వన్ టౌన్‌లోని మా డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పిన ఉమాకాంతం మాస్టారు పోయిన మంగళవారం ఉదయం గుణదలలో తమ ఇంట్లోనే కన్నుమూశారు. పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త స్టాఫ్ రూములో చూశాను. కాసేపటికి మళ్ళీ ఫోను చూస్తే, చేతులు జోడించిన బొమ్మల మధ్య ఎవరో నిచ్చెన బొమ్మ పెట్టారు. దాని కింద నవ్వులు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. ఆయన్ని అందరూ ప్రేమగానే ‘నిచ్చెన మాస్టారు’ అన్నారు. సంతాప సభలో కూడా ముగ్గురు వక్తలు ఆ కథే చెప్పారు. రిటైర్మెంటు దగ్గరపడి మాస్టారికి మతి తప్పిందనీ, పేపర్లు దిద్దేచోట పది అడుగుల నిచ్చెనను ఇరవై అడుగులని వాదించారనీ. సభ నవ్వింది. ఆ కథ అబద్ధం. పుట్టించినవాణ్ణి నేను.

నిచ్చెన సంగతి ముందు చెప్పాలి. ప్రత్యేక సాపేక్షతలో, వేగంగా పోయే వస్తువు పొడవు తగ్గినట్టు కొలతకు వస్తుందన్న పాఠానికి ఆయన మా కాలేజీ వెనక వీధినే వాడుకునేవారు. తోపుడుబండి మీద ఇరవై అడుగుల నిచ్చెన. ఎదురుగా పది అడుగుల గోడౌను, ఇటూ అటూ షట్టర్లు. బండి కాంతి వేగంలో దాదాపు ఎనభై ఏడు శాతంతో దూసుకొస్తే, గోడౌను గుమాస్తా కొలతలో నిచ్చెన పది అడుగులే. రెండు షట్టర్లూ ఒకేసారి దించి, తటాలున ఎత్తేయవచ్చు. ఆ క్షణాన నిచ్చెన మొత్తం లోపలే. బండివాడికి మాత్రం నిచ్చెన కదలడం లేదు, తన పక్కనే ఉంది. కాబట్టి ఇరవై అడుగులే. అతని కొలతలో కుదించుకుపోయింది గోడౌను, అయిదు అడుగులకు.

అయిదు అడుగుల్లో ఇరవై ఎలా పట్టిందని మేం బుర్ర గోక్కునేవాళ్ళం. పట్టలేదనేవారు మాస్టారు. బండివాడి లెక్కలో షట్టర్లు ఒకేసారి దిగలేదు. నిచ్చెన ముందు కొస చేరకముందే అవతలి షట్టరు దిగి లేచింది. వెనక కొస లోపలికొచ్చాక గానీ ఇవతలిది దిగలేదు. “ఇద్దరిదీ నిజమేనోయ్. ‘ఒకేసారి’ అన్నదే ఇద్దరికీ ఒకటి కాదు” అనేవారు. కదిలే వస్తువును కొలవడమంటే రెండు కొసల్నీ ఒకే క్షణంలో గుర్తుపెట్టడమనీ, ముందు కొస గీసి, టీ తాగొచ్చి వెనక కొస గీస్తే అది పొడవు కాదు, పొగరనీ ఆయన మాట.

మా బ్యాచ్‌కి అంతకీ ఎక్కకపోతే, వరండా రెండు తలుపుల దగ్గరా అటెండర్లను నిలబెట్టి, సున్నాలు వేసేవాళ్ళ నిచ్చెన చంకన పెట్టుకుని తనే పరిగెత్తారు. తలుపుల దాకా చేరలేదు. ప్రిన్సిపాల్ గది బోర్డు ఊడి కిందపడింది. బయటికొచ్చిన ప్రిన్సిపాల్‌కి వినయంగా సంజాయిషీ ఇచ్చారు. “వేగం చాలలేదండీ. సిద్ధాంతంలో లోపం లేదు.”

చల్లపల్లి నుంచి వచ్చే మా సహాధ్యాయి రంగారావు భారీ మనిషి. అంత వేగంతో పరిగెడితే తన పొట్ట తగ్గుతుందా అని అడిగాడు. పరిగెత్తే దిక్కులో తగ్గుతుందనీ, ఎత్తూ భుజాల వెడల్పూ అలాగే ఉంటాయనీ మాస్టారు ఓపిగ్గా చెప్పారు. “కానీ నీ పొట్ట నీకు అంతే ఉంటుంది నాయనా. రోడ్డు పక్కన కొలిచేవాడికే లాభం.”

ఇక నా నిర్వాకం. చదివిన కాలేజీలోనే కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరం స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాం. జవాబు పత్రాలన్నీ ఒకచోట పోగుచేసి లెక్చరర్లు వరసగా కూర్చుని దిద్దే చోటు అది. అక్కడ సరైన జవాబులంటూ అచ్చువేసి ఇచ్చిన ‘కీ’ని కాదనేవాడు ఉండడు. అంత వేగంతో పోయే ఇరవై అడుగుల నిచ్చెనతోపాటు ప్రయాణించేవాడికి దాని పొడవెంత అన్నది రెండు మార్కుల ప్రశ్న. కీలో పది అడుగులని ఉంది. మాస్టారు ఇరవై అని రాసినవాళ్ళకు రెండేసి మార్కులు వేశారు. క్యాంపు ఆఫీసరు పిలిచి అడిగారు. కీ తప్పన్నారు మాస్టారు. ఆఫీసరు నావైపు తిరిగారు.

“మీరూ ఫిజిక్సే కదండీ. ఏమంటారు?”

ఆ కీ తయారుచేసిన పెద్దమనిషి, నా ఉద్యోగం పర్మినెంటు చేయాల్సిన కమిటీలో ఉన్నారు.

“కీ ప్రకారం పదేనండీ. మాస్టారు ఇంకా నిచ్చెన దిగలేదు” అన్నాను.

హాలంతా నవ్వింది. మాస్టారు పెన్ను మూత పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయన్ని వాల్యుయేషన్‌కి పిలవలేదు. ఆయన దిద్దిన కట్ట నాకిచ్చారు. ఆ రెండేసి మార్కులూ ఎర్ర సిరాతో నేనే కొట్టేశాను. నా మాట మాత్రం కాలేజీలన్నీ తిరిగింది. మరుసటి ఏడాది నా ఉద్యోగం పర్మినెంటయింది.

నాలుగు నెలల కిందట ధైర్యం చేసి గుణదల వెళ్ళాను. ఆనాటి కీ తప్పని నాకు తెలుసనీ, తెలిసే అలా అన్నాననీ చెప్పాను. మాస్టారు చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

“అర్థమయ్యే అన్నావా?”

“అర్థమయ్యేనండీ. భయపడి అన్నాను.”

“హమ్మయ్య” అన్నారాయన. “నీకు పాఠం ఎక్కలేదనుకున్నానోయ్ ఇన్నేళ్ళూ. ఎక్కడ చెడగొట్టానో తెలియక, రిటైరయ్యేదాకా ఏటేటా మార్చి మార్చి చెప్పాను.” వంటింటి వైపు తిరిగి, “విన్నావా, వీడికి అప్పుడే అర్థమైందట” అన్నారు.

“అయితే అబ్బాయికి కాఫీ ఇవ్వనా, వద్దా?” అని అడిగారు ఆయన భార్య కామేశ్వరమ్మ గారు.

“ఇవ్వు. చక్కెర తగ్గించు.”

నేను లేచేటప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. “నాకు చెప్పావు, బాగానే ఉంది. ఆ పిల్లలకి ఎవరు చెప్తారు?” అన్నారు. కాలేజీ పత్రికలో రాస్తానన్నాను. ఒకసారి పరీక్షలు అడ్డమొచ్చాయి, ఒకసారి తనిఖీ బృందం వచ్చింది. రాసిన రెండు కాగితాలూ చించేశాను. ఆయన ఉండగా అచ్చులో చూపించలేకపోయాను.

విద్యార్థి తప్పు చెబితే తన పాఠంలో లోపం వెతుక్కునే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మా డిపార్టుమెంటులో ఇప్పుడు అందరం కీ చూసి దిద్దేవాళ్ళమే. ఆయన పాదాలకు నమస్కరించి, ఆయన చెప్పమన్న మాట చెబుతున్నాను.

ఆ ఏడాది ఆ ప్రశ్నకు ‘ఇరవై అడుగులు’ అని రాసినవాళ్ళు ఎక్కడెక్కడో ఉండి ఉంటారు. మీకిప్పుడు నలభై దాటి ఉంటాయి. మీ జవాబు ఒప్పు. మాస్టారు మీకు రెండుకు రెండు వేశారు.