కప్పు కింది కర్ర

శ్రీరాంపూర్ గనిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టిన అంబదాస్, చాయ్ పోసిన ప్రతివారికీ ఆ ఘనతే చెబుతాడు: "కప్పునడగకుండ ఒక్క కర్ర గుంజలే. నా ఎంబడి దిగినోడు ఒక్కడు సావలే." గనిలో కప్పు గట్టిగా ఉందో లేదో తట్టి విన్నట్టే మాట మధ్యలో గోడను తడుతుంటాడు. కొడుకు మస్కట్‌కు తిరిగి పోయాక కోడలు మమతారాణి నెల తప్పిందని తెలియగానే, దిగులుకు ఆమె వాడే గోలీలను "కడుపుల పిల్లకు పడవు" అని మాన్పించిందీ అతనే. తర్వాత ఆమె తిండి మానేసింది. ఈ ఉదయం "నేను లేకుంటెనే మంచిగుండు మామా" అన్నది. వెంటనే ఆ గోలీలు రాసిన డాక్టరమ్మ దగ్గరికి ఆమెను తీసుకుపోయాడు.

"గోలీతోని పిల్లకు జర ఫికరే పెద్దాయనా, కని ఈమెకు ఆపుడే ఎక్కువ ప్రమాదం. నన్నడగకుండ ఎట్ల ఆపిండ్రు? ఒంటిగ ఇడ్వకుండ్రి" అన్నది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి మమతారాణి గోలీ మింగి పడుకున్నాక అంబదాస్ ఆమె గది గడపలో కూర్చుని గోడను తట్టాడు.

"ఉన్న మామా" అన్నది లోపలి నుంచి.

కాసేపాగి మళ్లీ తట్టాడు.