చప్పిడి ముక్కు కుక్కకు గట్క ముద్దలు

నిన్న వనపర్తిలో కుక్కల తిండి అమ్మే కొత్త దుకాణం కనబడింది. సంచి మీది బొమ్మలో చప్పిడి ముక్కు పగ్ కుక్క ఒకటి నాలుక బయటపెట్టి నవ్వుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అలాంటి నాలుక నీలంగా మారడం నేను కళ్ళారా చూశాను.

నాలుగేళ్ళ కిందటి మాట. హాస్టల్లో కుక్కను ఉండనివ్వరని మా మేనకోడలు తన పగ్‌ను ధరూర్‌లో తల్లి దగ్గర, అంటే మా అక్క దగ్గర, వదిలిపోయింది. అరచెయ్యంత ముఖం, అందులో సగం కళ్ళే, ముక్కు ఉండవలసిన చోట నాలుగు ముడతలు. ఊపిరి పీల్చినా విడిచినా గుర్రుమని చప్పుడు. "ఏందిర ఇది, పిండి గిర్నీ లెక్క మొత్తుకుంటది?" అని అక్క అడిగింది. తెలియదని చెప్పడం నాకు పుట్టుకతో రాని విద్య. "చీనా రాజుల కోటలో పుట్టిన జాతి అక్కా. అన్నం కోసం మొరగడం వీటికి నామోషీ. ఆకలైతే గిట్లనే గుర్రుమంటది" అన్నాను.

మా అక్క పల్లికాయ పీకే కూలీలకు సైతం వద్దన్నాక ఇంకో రెండు ముద్దలు వేసే మనిషి. కుక్క గుర్రుమన్నప్పుడల్లా జొన్నరవ్వతో వండిన గట్క ముద్ద, మీద నెయ్యి, వేయించిన పల్లీల పొడి. తిన్నకొద్దీ లావు, లావైనకొద్దీ గురక, గురక పెట్టినకొద్దీ ముద్దలు. రెండు నెలల్లో అది నాలుగు కాళ్ళ గుమ్మడికాయ అయింది. పోయినప్పుడల్లా చూసి లోలోపల నవ్వుకున్నానే తప్ప నిజం చెప్పలేదు.

మే నెల మధ్యాహ్నం, నా ఎదుటే, ముద్ద మింగిన కుక్క రెండడుగులు వేసి కూలబడింది. డొక్కలు ఎగసిపడుతున్నాయి, గురక రంపపు కోతలా ఉంది. "అయ్యో, పానం ఆకలికి అల్లాడుతుంది. జర ఆగు బిడ్డా, ఇంకో ముద్ద తెస్త" అంటూ అక్క లేచింది. "వద్దక్కా!" అని నేను వేసిన కేకకు ఆమె చేతిలో గిన్నె జారిపోయింది. అంతలో గురక ఆగింది, కుక్క నాలుక నీలంగా మారింది. ఆ నిశ్శబ్దం లాంటిది నేనింకెప్పుడూ వినలేదు.

తడి తువ్వాలలో చుట్టి, ఆటోలో గద్వాల పశువుల దవాఖానకు పరుగెత్తాము. దారంతా అక్క దాని ముక్కు దగ్గర వేలు పెట్టి "ఉందిర, జరంత ఉంది" అంటూనే ఉంది. డాక్టరు దాని నోట్లోని గట్క తీసి, గాలి గొట్టం పెట్టాడు. చాలాసేపటికి గుర్రుమంది. అక్క జరిగిందంతా చెప్పాక ఆయన అడిగాడు: "గురక పెడితే ఆకలని ఎవరు చెప్పిన్రమ్మా?"

"మా తమ్ముడు సార్. వానికి తెల్వంది లేదు."

ఆయన నావైపు చూడకుండానే చెప్పాడు: "దీనికి గాలి పోయే దారే ఇరుకు. లావైతే అదీ మూసుకుంటది. చల్లపూట, పొద్దున పిడికెడు, సాయంత్రం పిడికెడు, వెడల్పు పళ్ళెంల పెట్టు. నెయ్యి, పల్లీలు బంద్."

తిరుగు ఆటోలో అంతా ఒప్పుకున్నాను. అక్క తిట్టలేదు. ఒళ్ళో కుక్కను నిమురుతూ, "మరి చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పిన తక్కినయి?" అంది.

"ఏవక్కా?"

"అన్నీ."

ఒక్కో అబద్ధం అల్లడానికి నాకు నిమిషం కన్నా పట్టేది కాదు. ఆమె మాత్రం వాటిని నమ్ముకుని నలభై ఏళ్ళు బతికింది.