వెనక సీట్లో నిద్ర

మా ఆయనకు ఆ కారంటే పిచ్చి. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుండే ఎర్రటి స్పోర్ట్స్ కారు. నా కన్నా నాలుగైదేళ్లే చిన్నది. హైదరాబాదులో ఎవరి షెడ్డులోనో దుమ్ము కొట్టుకుని పడి ఉంటే, పెళ్లికి ముందు కొని తెచ్చుకున్నాడట. పాప పుట్టాక దాని వెనక సీటు మా ఇద్దరిదైంది. ముందు సీటు వంచి, పాపను గుండెకు అదుముకుని, నడుం విరిగేలా లోపలికి దూరాలి. వెనక అద్దాలు తెరుచుకోవు. తలకు జానెడు దూరంలో వాలుగా దిగిన డిక్కీ అద్దం ఉంటుంది. దాని మీద ఎండ పడితే నా ముఖం నాకే వేరే మనిషిదిలా కనిపించేది.

మా అమ్మగారిల్లు ములుగులో. పాపకు తొమ్మిదో నెల వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం హన్మకొండ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేవాళ్లం. ఇంట్లో గంటసేపు ఊయల ఊపినా కళ్లు మూయని పిల్ల, కారు ఊరు దాటేలోపే నిద్రపోయేది. మొదట్లో సంతోషించాను. నాకూ కాస్త విశ్రాంతి దొరికిందనుకున్నాను.

ఆ నిద్ర మామూలు నిద్ర కాదని ఎప్పుడు అనిపించిందో సరిగ్గా చెప్పలేను. ఒకసారి పక్కనే ఇసుక లారీ హారన్ మోగింది. నేను ఉలిక్కిపడ్డాను. పాప రెప్ప కూడా కదల్లేదు. చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా జారి ఒళ్లో పడింది. బుగ్గలు మాత్రం గులాబీ రంగులో, ఎవరో దిద్దినట్టు మెరుస్తున్నాయి.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలయ్యే చోట, నా వెనక ఎవరో ఉన్నట్టనిపించేది. సీటుకూ డిక్కీ అద్దానికీ మధ్య పిల్లి కూడా పట్టనంత జాగా. అక్కడి నుంచి ఎవరో నా మెడ మీదికి వెచ్చగా ఊపిరి వదులుతున్నట్టుండేది. నుదుటి మీద ఒక అరచేయి మెల్లగా బరువు పెంచుతున్నట్టుండేది. తిరిగి చూడాలనుకుంటూనే చూడకుండా ఉండిపోయేదాన్ని. భయంతో కాదు, తల తిప్పడానికి బద్ధకం. ఆ బద్ధకమే తర్వాత నన్ను ఎక్కువ భయపెట్టింది.

అత్తమ్మకు చూచాయగా చెప్పాను. స్టీలు సామాన్ల దుకాణంలో రోజంతా కూర్చుని నలుగురి మాటలూ వినే మనిషి. వెంటనే తేల్చేసింది.

"దిష్టి బిడ్డా. నా పోరి బుగ్గలు చూడు, దానిమ్మ గింజలోలె అయితానయి. ఊరోళ్ల కండ్లన్ని ఆ ఎర్ర బండి మీదనే. పిల్లకు తాకదా మరి?"

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మేం బయల్దేరే ముందు, పాపకు స్నానం చేయించాక పట్టే సాంబ్రాణి ధూపాన్నే కారులో పెట్టి తలుపులు మూసేది. పొగ సీట్లకు పట్టాలట. మేం ఎక్కేసరికి కారంతా గుడిలా వాసన కొట్టేది. దారి పొడవునా ఆ వాసనే. ఇంటికొచ్చాక పాప జుట్టులోనూ అదే. నేను కూడా దాన్ని మంచి వాసన అనుకున్నాను. ఊపిరి నిండా పీల్చాను.

ఆ రోజుల్లోనే కారు పొల్యూషన్ పరీక్షలో తప్పింది. మా ఆయన ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, పెట్రోల్లో ఏదో మందు కలిపాడు. మళ్లీ పెట్టిస్తే మళ్లీ తప్పింది. మూడోసారి, ములుగు నుంచి తిరిగొస్తూ, పెట్రోలు బంకు పక్కన ఆగి ఉన్న పొల్యూషన్ వ్యాను దగ్గర ఆపాడు. నేను పాపను భుజాన వేసుకుని దిగాను. కాళ్లు నావి కానట్టున్నాయి.

వ్యానాయన సైలెన్సర్లో పైపు పెట్టి, కళ్లజోడు సవరించుకుని తెర వంక చూశాడు.

"సార్, ఇది పెట్రోలు తాగుతలేదు, మింగుతాంది," అన్నాడు. "మీరు నూరుసార్లు తెచ్చినా గిదే లెక్క. ఒక పని చేద్దాం. ఫోటో మీ బండిది తీస్త. పైపు అగో, ఆ తెల్ల కారుకు పెడ్త. అందరు చేసేదే."

మా ఆయన నవ్వాడు. "గంతేనా? ముందే చెప్పకపోయినవ్ అన్నా."

"ఏది ఎక్కువొస్తాంది?" అని అడిగాను.

"సీఓ అమ్మా. కార్బన్ మోనాక్సైడ్."

నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. పరీక్షల కోసం ఎన్నోసార్లు రాసిన విషవాయువు పేరది. అయినా అడిగాను. "దానికి వాసన ఉండదు కదా?"

"ఉండదమ్మా. గందుకే గద మిషిన్ పెట్టేది."

నా భుజం మీద పాప కదలడం లేదు. చుట్టూ బస్సులు, ఆటోలు, హారన్లు. అరికాలు గిల్లాను. కదల్లేదు. ఇంకా గట్టిగా గిల్లాను.

"ఆ కాగితం వద్దు," అన్నాను.

"ఏమైంది నీకు? ఊకె ఫికర్ చేస్తవ్," అన్నాడు మా ఆయన.

"పిల్లను చూడు. ఒక్కసారి చూడు."

చూశాడు. నవ్వు ఆగిపోయింది. అక్కడే రోడ్డు పక్కన గాలిలో నిలబడ్డాం. కొంతసేపటికి పాప మూలిగింది, పాలు కక్కింది, తర్వాత ఏడుపు అందుకుంది. ఆటో ఎక్కి నేరుగా పిల్లల దవాఖానకు పోయాం. డాక్టరమ్మ రక్తం తీయించింది. ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టి ఉంచింది. పొద్దున, "గండం తప్పింది. ఆ కార్ల మాత్రం ఎక్కకుర్రి," అంది.

కారును వర్ధన్నపేట రోడ్డులో ఉన్న ఉస్తాద్ షెడ్డుకు తాడు కట్టి లాగించారు. ముసలాయన. పాత బండ్లకు ఆయనే దిక్కని పేరు. తలుపు తీసి లోపలికి తల పెట్టి, వెంటనే బయటికి తీశాడు.

"ఇది కారా, దర్గానా? ఈ సాంబ్రాణిల నాకు ఏ వాసన తెలుస్తలేదు. తలుపులు తెరిచి రెండు రోజులు ఎండకు పెట్టుర్రి."

రెండు రోజుల తర్వాత నేనూ వెళ్లాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఉస్తాద్ ఇంజను నడిపి, సైలెన్సర్ మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టించి, చెవి వంచి విన్నాడు. ఇంజను నుంచి పొగ బయటికొచ్చే గొట్టం మొదట్లోనే బుస్ మని సన్నటి చప్పుడు. వెంట్రుకంత పగులు. దాని చుట్టూ మసి.

"దీని పక్కనే సెన్సర్ ఉంటది బేటీ. పొగల గాలి ఎంతున్నదో చూసి ఇంజనుకు చెప్తది. ఈ పగుల్లకెళ్లి బయటి గాలి సొచ్చేసరికి, పెట్రోల్ తక్కువైందని అది తప్పు చెప్తాంది. ఇంజను ఇంకింత పోసుకుంటాంది. గందుకే ఎన్నిసార్లు పెట్టినా ఫెయిల్."

"మరి లోపలికి?"

ఆయన డిక్కీ అంచు వెంట వేలు పోనిచ్చాడు. రబ్బరు ఎండి పొడిగా రాలింది. ఇంజను నడుస్తుండగా డ్రైవర్ పక్క అద్దం ఓ వేలెడు దించి, బయటి నుంచి డిక్కీ సందు దగ్గర వెలిగించిన అగరబత్తీ పట్టుకున్నాడు. లోపలి ఫ్యాన్ ఆపి ఉంది. బయట నిలబడ్డ మా ఆయన, కారు ఉరికేటప్పటి గాలిలా, దించిన అద్దం పక్క నుంచి వెనక్కి అట్టముక్కతో విసిరాడు. పొగ ఒక్క క్షణం పైకి లేచి, ఆగి, దారం లాగినట్టు సందులోంచి లోపలికి దూరింది. నేను కూర్చునే చోటికి. నా మెడ ఉండే చోటికి.

"ఉరుకుతున్నప్పుడు సైలెన్సర్ పొగను ఇంకా గుంజుతది," అన్నాడు ఉస్తాద్. "డ్రైవర్‌కు ముందట గాలి. వెనకున్నోళ్లకు ఇది. ఎన్ని రోజులు తిరిగిన్రు?"

మా ఆయన చేతిలోని అట్టముక్కను మడిచి మళ్లీ మడిచాడు. నేను ఆదివారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను.

గొట్టం మారింది, రబ్బరు మారింది. అదే వ్యాను దగ్గర, ఈసారి పైపు దానికే పెట్టినా కారు పాసైంది. మా ఆయన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, పాప తల నిమిరి లోపలికి పోయాడు. ములుగుకు మేమిప్పుడు బస్సులో పోతున్నాం.

ఇప్పుడు పాప ఇంట్లో కూడా నిద్రపోతోంది. పళ్లొచ్చాక అలవాటైంది. దీపం కింద ఇది రాస్తూ మధ్యమధ్య ఆమె ముక్కు కింద వేలు పెడుతున్నాను. ఊపిరి తగులుతుంది. అయినా చాలదు. అరికాలు గిల్లుతాను. పాప కెవ్వుమంటుంది, పక్క గదిలో అత్తమ్మ మేల్కొంటుంది.

"నిద్రపోయే పిల్లను లేపే తల్లిని నిన్నే చూస్తాన," అంటుంది గోడ అవతలి నుంచి.

ఏడుపు గట్టిగా వినిపించాక గానీ నేను పడుకోను.