వడ్రంగి కళ్లకు ఏమీ కాలేదు

వడ్రంగికి చూపు మందగించిందన్న మాట వీధి మొదట్లో పుట్టి, చివరికి చేరేసరికి "రెండు కళ్లూ పోయాయట, పాపం" అయి కూర్చుంది. అది పచ్చి అబద్ధం. కాని దాన్ని కొట్టిపారేయవలసిన మనిషే నోరు మెదపకుండా కొయ్యకు చిత్రిక పడుతూ ఉంటే, ఆ ఇంట్లోనే ఉండే అతని వదినకు ఒళ్లు మండిపోయింది.

సంగతేమిటంటే, వీధులు ఊడ్చేవాళ్ల సమాన హక్కుల కోసం జీవితమంతా పోరాడి పోయిన నాయకుడి పేర ఒక సభాభవనం కట్టారు. ఆఫీసుల్లో వాళ్లను గుమ్మం బయటే నిలబెట్టే రోజుల్లో, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తన పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి ఆయన. అలా మొదట కూర్చున్నవాళ్లలో వడ్రంగి తండ్రి ఒకడు.

భవనానికి కుర్చీలు చేసే పని వడ్రంగికే వచ్చింది. పెద్దలకు ఎత్తు కుర్చీలు అయిదు, పనివాళ్లకు పొట్టి బల్లలు నలభై అని కమిటీ అధ్యక్షుడు కాగితం మీద రాసిచ్చాడు. తీరా తొలి సభనాడు చూస్తే అన్నీ ఒకే ఎత్తు! ఎదురు బల్ల మీద కూర్చున్న కాలువ పనివాడు తన కళ్లలోకి తిన్నగా చూస్తుంటే, అధ్యక్షుడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"పాపం, పెద్దవాడైపోయాడు. కంటికి కొలతలు ఆనడం లేదు" అని నలుగురిలో అనేసి, ఆ పూటకు పరువు దక్కించుకున్నాడు. కుర్చీలు అలాగే ఉండిపోయాయి. మర్నాటికి వడ్రంగి చేతిలోంచి బడి తలుపుల పని జారిపోయింది. ఆ వారంలోనే బీరువా పనీ పోయింది.

"అక్కా, మీ మరిదికి కళ్ల ఆపరేషన్ ఎప్పుడు?" అని ఇస్త్రీ బండి మనిషి పలకరించాడు.

"నీ నోటికి చేయించాక!" అని వదిన విసవిసా ఇంటికి వచ్చింది.

వస్తూనే సూదీ నల్లదారం తెచ్చి మరిది ఒళ్లో పడేసింది. ఒక్క విసురులో ఎక్కించి ఇచ్చాడు. "నీ చీర అంచు రెండు కుట్లు ఊడింది, చూసుకో" అని పైగా!

ఆమె ఇక ఆగలేదు. పనిముట్ల పెట్టె కుమ్మరించింది. కుర్చీల కోసం చేసుకున్న కొత్త కొలకర్ర దొరికింది. రెండు ఎత్తులకు రెండు గాట్లు ఉండాలి కదా. ఒక్కటే ఉంది.

"ఏమయ్యా, కావాలనే చేశావు కదూ? చేసినవాడివి చెప్పవేం? పనులన్నీ పోతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావా? నీతో వేగలేక చస్తున్నాను! ఇప్పుడే పోయి ఆ అధ్యక్షుడి మొహాన చెప్పొస్తాను."

చెప్పులు వేసుకుంటున్న ఆమెకు వడ్రంగి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"కావాలనే చేశానని తెలిస్తే, రేపే ఇంకొకణ్ణి పిలిచి ఆ అయిదింటికీ కాళ్లు పొడిగిస్తారు వదినా. ముసలాడికి కళ్లు పోయాయిలే అనుకున్నన్నాళ్లూ తమ పరువుకు లోటు లేదని అలాగే కూర్చుంటారు. నీకు దణ్ణం పెడతాను, కూర్చోనీ వాళ్లను."