గుమ్మంలో కూర్చునే తాత

రేకుల కప్పు మీద మామిడికాయ పడిన చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూస్తాను.

మా మామయ్య ఊరికి పెద్ద. ఏటా ఆయన పండుం, అంటే కొత్త కాయల పండగ చేసి, తొలి కాయ కోసి ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ మామిడి ముట్టరు. ఆ ఏడు ఆయన నాలాగే ఏసయ్యను నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నారు. ఇక పండుం చేయకూడదని పాస్టరు గారు చెప్పారు. కాయలు రాలి, ఎక్కడివక్కడే కుళ్లిపోతున్నాయి.

ఆయన అక్క వచ్చి వాకిట్లో నిలబడింది. "ఏందిరా పెద్దా, నీళ్లల్ల మునిగినవు, సరే. మా నోర్లెందుకు కట్టినవు? పోరగాండ్లు కాయల దిక్కు చూసి గుటకలు మింగుతున్నరు."

ఆమె వెళ్లాక మామయ్య నన్ను పిలిచారు. "ఆ రాజు ముచ్చట మళ్ల చెప్పు బిడ్డా."

ఊళ్లో బడి నడవక నాకు నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన పుణ్యాన తెలిసిన కథ అది. మెక్సికోలో నహువా జనానికి ఒక రాజు. స్పెయిన్ వాళ్లు ఆ నేలను గెలిచాక ఆయనకు బాప్తిస్మమిచ్చి, కొత్త పేరు పెట్టి, గద్దె మాత్రం ఉంచారు. ఆ గద్దె మీద కూర్చునే తన జనం దగ్గర స్పెయిన్ వాళ్లకు పన్ను వసూలు చేసిపెట్టాడు.

"మా తాత గూడ గంతే. దొరలకు శిస్తు వసూలు చేసిండు," అన్నారు మామయ్య. "సచ్చినంక గూడ పోలే. గుమ్మంల కూసుంటడు."

"ఏమంటాడు మామా?"

"ఏమనడు. చెయ్యి చాపుతడు."

పట్టపగలే నేను గుమ్మం వైపు చూశాను. కప్పు మీద ఇంకో కాయ పడింది.

"ఆ రాజు పాత దేవుళ్లను ఏం చేసిండు?"

"కొందరు గోడల్లో దాచుకున్నారట. ఆ రాజు సంగతి మాత్రం నాన్న చెప్పలేదు."

మామయ్య గొంతు తగ్గించి అడిగారు: "నేను కోస్తే నీ ఏసయ్య కోపం చేస్తడా?"

"ఆకలిగొన్నవాళ్లకు పెట్టినందుకు ఆయన ఎవర్నీ కోప్పడలేదు మామా."

తెల్లారి ఊరంతా చూస్తుండగా మామయ్య కాయ కోసి దేవత ముందు పెట్టారు. వాళ్లక్క మంత్రం చెప్పింది, ఆయన పెదవి కదపలేదు. అందరికీ ముక్కలు పంచి, జిగురంటిన చేతులతో ఇంటికొచ్చి, నా చేతిలో ఒకటి పెట్టారు.

"మీరు?"

"ఊరోళ్ల దగ్గర గుంజిన చెయ్యి చాపుకొని తాత ఇంకా గుమ్మంలనే ఉన్నడు. నాకు మింగుడు పడదు. నువ్వు తిను బిడ్డా."

స్తోత్రం చెప్పుకుని తిన్నాను. చనిపోయేదాకా ఆయన మళ్లీ మామిడి నోట పెట్టలేదు. ఏటా కోసి పంచుతూనే ఉన్నారు.