అవ్వ పెట్టిన ముహూర్తం

నా చిన్నప్పుడు మల్దకల్ దగ్గర మా ఊళ్లో కాన్పులన్నీ ఇళ్లలోనే జరిగేవి. నొప్పులు మొదలైన ఇంటి వైపు పిల్లలను పోనిచ్చేవారు కాదు. నేను మాత్రం మా నాయనను కన్న అవ్వ కొంగు వదిలేదాన్ని కాదు కనుక, పక్కింటి అక్క కాన్పు నాడు ఆ ఇంటి అరుగు మీదే ఉన్నాను. లోపలి నుంచి అక్క మూలుగు వినిపిస్తూనే ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేతులతో అయ్యే పని కాదని కాన్పు చేయడానికి వచ్చినామె పొద్దున్నే చెప్పేసింది. పట్నంలో పొట్ట కోసి బిడ్డను తీస్తారని అందరికీ తెలుసు. దాన్ని పెద్దాపరేషన్ అనేవాళ్లు.

తెలిసి ఏం లాభం? ఆ రోజు అమావాస్య, పైగా మంగళవారం. కడుపుతో ఉన్న మనిషి అలాంటి రోజు పొలిమేర దాటితే తిరిగి రాదని అక్క అత్తగారు గడపకు అడ్డంగా కూర్చుంది. మగవాళ్లు బండి కట్టాలా వద్దా అని చుట్టలు కాలుస్తూ తర్జనభర్జన పడుతున్నారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అని మా అవ్వను ఎప్పుడూ ఎత్తిపొడిచేవాళ్లు. ఆ రోజు ఆమె ఎవరితోనూ వాదించలేదు. చెంగు దులుపుకొని వీధి చివర పంతులుగారి ఇంటికి బయలుదేరింది. నేనూ వెంట పరుగెత్తాను. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. అవ్వ తాళం వంక చూసి వెనక్కి తిరిగింది.

నేరుగా వచ్చి ఆ అత్తగారి ముందు నిలబడింది. "పంతులును అడిగొచ్చిన. ఎండ నడినెత్తికి రాకముందే పొలిమేర దాటితే తల్లికీ బిడ్డకూ మంచిదంట. జర జల్ది కానియ్యుండ్రి" అంది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. అత్తగారు గడప మీద నుంచి లేచింది. అక్కను గద్వాల దాకా బండిలో, అక్కడి నుంచి రైల్లో కర్నూలుకు తీసుకుపోయారు. ఆపరేషన్ చేశారు. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడని అక్కడివాళ్లు చెప్పారట.

అబద్ధం ఎందుకు ఆడావని తర్వాత అవ్వను నిలదీశాను. "నా నోరు పాడైతే నీళ్లు పోసి పుక్కిలిస్త. పిల్ల పానం పోతే ఎవరు తెస్తరే?" అంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పంచాంగం చూడకూడదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. కొల్లాపూర్‌లో మామిడితోట చూసుకుంటూ ఉంటున్నాను. నిరుడు నా మనవరాలికి వనపర్తిలో కాన్పు. బిడ్డ తల కిందికే ఉందని, నొప్పులు వచ్చేదాకా ఆగొచ్చని డాక్టరమ్మే చెప్పింది. అయినా అత్తింటివాళ్లు బిడ్డ పుట్టాల్సిన ఘడియ రాయించుకొచ్చి, ఆ వేళకు కోసి తీయమన్నారు. డాక్టరమ్మ కాదనలేదు. పిల్లేమో "నొప్పులంటే భయమే గాని, కోతంటే ఇంకా భయమైతుంది అమ్మమ్మా" అని నా పక్కలో ముడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. అవ్వ విద్య నాకూ వచ్చు కదా అనుకొని మనవరాలి అత్తగారికి ఫోన్ చేశాను. మా పంతులును అడిగానని, ఆ ఘడియ తల్లికి మంచిది కాదట అని చెప్పాను. ఆమె కంగారు పడి, "అట్లనా అత్తమ్మా? మంచిగ చెప్పినవ్" అంది. నేను లోలోపల తెగ మురిసిపోయాను. మర్నాడు తెలిసింది, ఇంకో ఘడియ పెట్టించారని, ఆపరేషన్‌ను ఇంకా ముందుకే జరిపి కోసేశారని. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. తల్లీబిడ్డా క్షేమమే, అది సంతోషమే. కానీ ఏడ్చే బిడ్డను ఎత్తుకుందామని లేవబోయి, లేవలేక పిల్ల పళ్లు బిగిస్తుంటే చూడలేకపోయాను.

ఆ నెలలోనే మా తోట కాపలా ఉండే అతని కోడలికి బిడ్డ అడ్డం తిరిగింది. వాళ్లది అడవి అంచున చిన్న పల్లె. ఫోన్ చేయగానే అంబులెన్సు బండి వచ్చింది. మొదట చేర్చిన దవాఖానలో మత్తు డాక్టరు లేడన్నారు. తర్వాతి చోట రక్తం లేదన్నారు. ఆ పైన ఇంకో చోట కోశారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. కొన్ని దేశాల్లో ఈ కోత అందక తల్లులు పోతుంటే, కొన్ని దేశాల్లో అక్కర లేకున్నా కోస్తున్నారని టీవీలో ఎవరో చెబుతున్నారు. దేశాల దాకా ఎందుకు? మా ఇంటికీ మా తోటకూ మధ్య చూస్తే చాలదా!

పరామర్శకు పోతే కాపలా అతని భార్య, "మా రాత గిట్లున్నదమ్మా" అంది. పక్కింటి అక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన నాడు మా ఊరూ ఆ మాటే అంది. అవ్వ ఒక్కతే, "రాత గాదు, దూరం! దవాఖాన ఈడనే ఉంటే గీ రాత ఎవడు రాస్తుండె?" అని అందరి మీదా అరిచింది. నేనూ రాత కాదన్నాను. మరి ఏంది అన్నట్టు ఆమె నా ముఖంలోకి చూసింది. దూరం అందామంటే రోడ్డుంది, బండి వచ్చింది, దవాఖానలు దాటుకుంటూ పోయింది. అవ్వ నుంచి నాకు పొలం రాలేదు, నగ రాలేదు. ఆ నాటి కోపం ఒక్కటే వచ్చింది. ఎవరి మీద అరవాలో తెలిస్తే ఇవాళే అరిచేదాన్ని.